నేలకు దిగిన గుడి

తెలంగాణ ప్రభుత్వం నుంచి ఏ కాగితం చేతికొచ్చినా దాని నెత్తిన ఒక ద్వారం కనిపిస్తుంది. ధ్రువపత్రం మీద, కార్యాలయం గోడ మీద, పథకాల ప్రకటనల మీద అదే ద్వారం. రెండు పక్కలా స్తంభాలు, వాటి మీద అడ్డంగా ఓ బరువైన దూలం, నడుమ చార్మినార్. 2014లో రాష్ట్రం ఏర్పడ్డప్పటి నుంచి అది మన కళ్ళకు ఎంత అలవాటైందంటే, ఇప్పుడు చూస్తాం గాని గమనించం. ఊరి మొదట్లో సిమెంటుతో కట్టిన స్వాగత ద్వారాలకూ అదే రూపు. సభావేదికల వెనుక థర్మోకోల్‌తో కోసి నిలబెట్టేదీ అదే. ఈ మధ్య ఏదో పత్రం కోసం వరుసలో నిలబడి చేతిలోని కాగితాన్ని ఊరికే చూస్తుంటే ఓ ప్రశ్న తగులుకుంది. ద్వారం అన్నాక దాని వెనక ఓ ఇల్లుండాలి కదా? గోడలు లేకుండా, తలుపుల్లేకుండా నిలబడ్డ ఈ తోరణం ఎవరి ఇంటి వాకిలి? వరంగల్ కోటలోదని చిన్నపిల్లలు కూడా చెబుతారు. కాకతీయులు కట్టించారనీ చెబుతారు. కానీ ఆ వాకిలి దాటితే లోపల ఏముండేదని అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం? నేను చెప్పగలనా? ఎప్పుడో బడి పిల్లగా బస్సులో వెళ్ళి, తోరణం కింద నిలబడి ఫొటో దిగి, పులిహోర తిని వచ్చిన జ్ఞాపకం తప్ప నా దగ్గర ఏమీ లేదు. వాకిలి గుర్తుంది, ఇల్లు గుర్తులేదు. ఆ వెలితి కొన్నాళ్ళు వెంటాడింది. చివరికి చలికాలం తెల్లవారుజామున సికింద్రాబాదులో రైలెక్కాను. పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరగల దూరమే. మనసులో మాత్రం అది ఎప్పుడూ చాలా దూరంగానే ఉండిపోయింది.

వరంగల్ స్టేషన్ నుంచి ఆటోలో కోటకు బయలుదేరితే ఎక్కడ ఊరు ఆగి ఎక్కడ కోట మొదలైందో తెలియదు. ముందు ఓ మట్టికట్ట వస్తుంది. పచ్చిక మొలిచి, చెట్లు కమ్మి, అది కట్టినదో పుట్టినదో తేల్చుకోలేం. 1310లో ఢిల్లీ సుల్తాను పంపిన మాలిక్ కాఫూర్ సేన ఈ మట్టిగోడ దగ్గరే ఆగింది. ఉక్కు ఈటె దిగనంత గట్టిదని ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో దీని గురించి రాశాడు. అది దాటాక రాతికోట. కాకతీయ రాజు గణపతిదేవుడు మొదలుపెడితే కూతురు రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తి చేసిందంటారు. గోడ ముందు కందకం ఉంది. తోవ తిన్నగా లోపలికి పోదు. మలుపు తిరిగి, గోడల మధ్య ఇరుక్కుని, మళ్ళీ మలుపు తిరుగుతుంది. ఏనుగైనా గుర్రమైనా వేగం తగ్గించుకోక తప్పని మలుపులు. ఇప్పుడు ఆ మలుపుల్లో ఆటోలు హారన్ కొట్టుకుంటూ ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటున్నాయి. లోపల పొలాలున్నాయి, ఇళ్ళున్నాయి, కిరాణా కొట్లున్నాయి, ఆరేసిన బట్టలున్నాయి. చచ్చిన కోట కాదిది. మనుషులు ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేయని కోట. రాజధాని ఓరుగల్లు పోయినా ఊరు పోలేదు. ఇంత కట్టుదిట్టం చేసి, గోడ మీద గోడ చుట్టి, వాళ్ళు కాపాడుకోవాలనుకున్నది ఏమిటి? ధనాగారం అనుకుంటాం, రాజమందిరం అనుకుంటాం. కానీ కోట సరిగ్గా నడిబొడ్డున ఉన్నది అవి కావు. అక్కడున్నది ఒక శివాలయం. కాకతీయులు తమ రాజ్యదైవంగా కొలిచిన స్వయంభూ దేవుడి గుడి. కాగితం మీద ఒకటే కనిపించినా ఇక్కడ తోరణాలు నాలుగు, ఆ గుడి ప్రాంగణానికి నాలుగు దిక్కుల వాకిళ్ళు. మన కాగితాల మీది ద్వారం ఆ దేవుడి ఇంటిది.

ఉత్తర, దక్షిణ తోరణాల మధ్య సుమారు 480 అడుగుల దూరం. తూర్పు, పడమరల మధ్య 430 అడుగుల పైచిలుకు. ఒక్కో తోరణం ముప్ఫై అడుగుల ఎత్తు. జంట స్తంభాలు, వాటి నుంచి ఏటవాలుగా చాచిన రాతి చేతులు, ఆ చేతుల మీద బరువంతా మోపిన దూలం, దాని మీద హంసలు, మొగ్గలు, వేలాడే మాలలు. ఈ నాలుగింటి నడుమ ఇప్పుడు గుడి లేదు. గుడి తాలూకు రాళ్ళున్నాయి. పచ్చిక మీద, కంకర మీద, పునాది అంచుల వెంట, వందలుగా. స్తంభాల ముక్కలన్నీ ఒకచోట, దూలాలు ఒకచోట, ద్వారబంధాలు ఒకచోట, కప్పు రాళ్ళు మరోచోట. పెళ్ళయిపోయిన మర్నాడు విప్పిన పందిరి సామానంతా వాకిట్లో పేర్చి ఉంచినట్టు. చూసిన తొలి క్షణంలో నాకు గుండె బరువెక్కింది. ఆ వెంటనే, నా ప్రమేయం లేకుండానే, కాళ్ళు ఆ రాళ్ళ మధ్యకు నడిచాయి. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా నేను మళ్ళీ తోరణం వైపు తలెత్తి చూసిందే తక్కువ. దేశదేశాల్లో శిల్పవనాలుంటాయని చదువుకున్నాం. కళాకారుల చేత చేయించి, చెట్ల నీడల్లో ఏర్చి కూర్చి నిలబెడతారు. ఇక్కడ ఎవరూ తోట వేయలేదు. ఒక విధ్వంసం మిగిల్చిన దాన్ని, తవ్వి తీసినవాళ్ళు తుడిచి శుభ్రం చేసి వరుసలో పెట్టారు. చుట్టూ గడ్డి మొలిచింది, తోట అయింది. దీన్ని తోట అనొచ్చా? ఆ అందం ఆస్వాదించొచ్చా? రోజంతా నాతో తిరిగిన ప్రశ్న ఇదే.

ఓ చోట కప్పులోంచి ఊడిన పెద్ద రాయి ఆకాశం వైపు తిరిగి పడి ఉంది. నడుమ పద్మం విచ్చుకుని ఉంది. రేకుల్లోంచి రేకులు, వాటి చుట్టూ వలయాలుగా పూలపట్టీలు. ఇది పైకప్పు కదా! ఒకనాడు దీని కింద నిలబడి మెడ విరుచుకుని, నూనె దీపపు వెలుతురులో, పొగలోంచి చూస్తే ఏదో పువ్వు ఉన్నట్టు తోచేదేమో. ఇప్పుడు నేను దాని మీదికి వంగి చూస్తున్నాను. ఒక రేకు అంచు దగ్గర ఉలి కాస్త లోతుగా దిగి, నీడ పడేలా లోపలికి తొలిచి ఉంది. అంత ఎత్తున ఉన్నప్పుడు ఆ తొలుపు ఎవరికీ విడిగా కనిపించదు. దాని వల్ల పడే నీడ మాత్రం కనిపిస్తుంది. అంటే ఆ శిల్పి తన పని కనిపించాలని చెక్కలేదు, దాని ఫలితం కనిపిస్తే చాలనుకుని చెక్కాడు. ఈ రేకు లోపలి గుంటను ఇంత దగ్గరగా గణపతిదేవుడు చూసి ఉంటాడా? రుద్రమ చూసి ఉంటుందా? రోజూ అభిషేకం చేసిన అర్చకుడైనా చూసి ఉంటాడా? చెక్కినవాడు చూశాడు, రాయిని పైకి లాగినవాళ్ళు చూశారు, ఆ తర్వాత అది కూలిందాకా ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. ఒక్కసారిగా సంతోషమూ సంకోచమూ కలిగాయి నాకు. కూలకపోతే నాకు దక్కని చూపు ఇది. ఈ దగ్గరితనాన్ని నాకు ఇచ్చింది ఎవరి భక్తీ కాదు, ఒక ఓటమి. దాన్ని కృతజ్ఞతతో అందుకోవాలా, తలదించుకుని అందుకోవాలా?

ఇంకా ముందుకు వెళితే రాళ్ళ వెనక వైపులు కనిపిస్తాయి. గుడి నిలబడి ఉన్నప్పుడు గోడలోకి దూరిపోయి ఎవరికీ కనపడని వైపులు. ముందు నునుపుగా, వేలు పెడితే జారేంతగా మెరుగుపెట్టిన నల్లరాయి, వెనక్కి తిరిగితే గరుకుగా ఉంటుంది. ఉలి దెబ్బలు ఏటవాలు గీతలుగా అలాగే ఉన్నాయి. ఒక రాతిలో బెజ్జం, మరోదానికి సరిగ్గా అందులో దిగే మొన. సున్నంతో అతికించే పని కాదు. బరువే బంధం, కొలతే బంధం. కొన్ని రాళ్ళ అంచున వరుసగా చిన్న చిన్న గుంటలు ఉంటాయి. బండను చీల్చడానికి మేకులు దించిన గుంటలవి. ఆ గుంటల వరుస దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. పద్మం దగ్గర శిల్పి కనిపిస్తాడు. ఈ గుంటల దగ్గర కూలీ కనిపిస్తాడు. కొండ మీద బండ మీద కూర్చుని, ఎండలో, ఒక్కో గుంటా తవ్వుకుంటూ పోయిన మనిషి. అతని వెనక రాయిని దొర్లించినవాళ్ళు, ఎడ్లను తోలినవాళ్ళు, ఉలి మొన మొద్దుబారినప్పుడల్లా కొలిమిలో కాల్చి సాగదీసిన కమ్మరులు. ఈ నల్లరాయి అంత తేలిగ్గా లొంగేది కాదు. ఒక్క పూలపట్టీకి ఎన్ని ఉలులు అరిగిపోయాయో! శాసనాల్లో రాజుల పేర్లున్నాయి, సేనానుల పేర్లున్నాయి, దానమిచ్చిన వర్తకుల పేర్లున్నాయి. 1213లో పాలంపేట గుడి కట్టించింది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడని అక్కడి శాసనం చెబుతుంది. జనం మాత్రం ఆ గుడిని రామప్ప అంటారు. అది చెక్కిన శిల్పి పేరని నమ్ముతారు. ఆ నమ్మకానికి రాత ఆధారం ఉన్నా లేకపోయినా, అందులో ఒక న్యాయం ఉంది. కట్టించినవాడి పేరు రాయి మీద ఉంటే, కట్టినవాడి పేరు జనం నోట ఉండాలనుకున్నారు. స్వయంభూ గుడికి ఆ పాటి అదృష్టం కూడా లేదు. దాని పనివాళ్ళ సంతకాలు ఈ ఉలి గీతలే.

పదకొండు దాటాక జనం పెరిగారు. ఒకామె ఐదారేళ్ళ పాపను చెయ్యి పట్టుకుని రాళ్ళ మధ్య నడిపిస్తోంది. తలలేని సింహం దగ్గర పాప ఆగిపోయింది.

“అమ్మా, గివన్నీ ఎందుకు పలిగినయే?”

“ఎన్కట రాజుల కాలంల లడాయి అయింది బిడ్డా. గప్పుడు పలగ్గొట్టిండ్రు.”

“మల్ల అతికియ్యరాదే?”

“గంత పెద్ద రాళ్ళు ఎవలతోని అయితది బిడ్డా?” అంటూ తల్లి ముందుకు కదిలింది. పాప వెనక్కి తిరిగి సింహాన్నే చూస్తూ నడిచింది. మళ్ళీ అతికించరాదా? ఎంత సూటి ప్రశ్న! నిజానికి అతికించగలమని ఈ ఊరి పక్కనే రుజువైంది. హనుమకొండలో 1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి ఎదుటి మండపం కుంగిపోతుంటే, రాయి రాయికీ అంకె వేసి విప్పదీశారు. ఏళ్ళ తరబడి ఆ రాళ్ళు అంకెలతో ఆరుబయట ఎదురుచూశాయి. ఇక లేవదేమో అని ఊరివాళ్ళు నిట్టూర్చారు. చివరికి పునాది గట్టిచేసి మళ్ళీ నిలబెట్టి, 2024 మార్చిలో తెరిచారు. ఆ వార్త విన్నరోజు నాకు పండగలా అనిపించింది. అక్కడ విప్పినవాళ్ళకు ఏ రాయి ఎక్కడిదో తెలుసు. ఇక్కడ విప్పినవాళ్ళు అంకెలు వేయలేదు. ఎన్నో రాళ్ళు గోడల్లోకి, ఇళ్ళల్లోకి, పునాదుల్లోకి వెళ్ళిపోయాయి. గుడి ఎంత ఎత్తుండేదో, శిఖరం ఏ తీరున ఉండేదో చెప్పే బొమ్మ ఒక్కటీ మనకు లేదు. ఉన్న రాళ్ళకు లేని రాళ్ళు కొత్తగా చెక్కి చేర్చితే అది ఓరుగల్లు గుడి కాదు, మన ఊహ అవుతుంది. మన ఊహ ఎంత గొప్పదైనా ఆ పాప అడిగింది దాన్ని కాదు. కొన్నింటిని అతికించాలి, కొన్నింటిని అతికించకుండా చూసుకోవాలి. ఏది ఏదో తెలుసుకోవడమే కష్టం.

ఎవరు కూల్చారన్నది దాచుకోవలసిన సంగతి కాదు. 1323లో ఉలూగ్ ఖాన్, ఆ తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్‌గా ఢిల్లీ సింహాసనమెక్కినవాడు, రెండోసారి వచ్చి ఈ కోటను గెలిచాడు. చివరి కాకతీయ రాజు ప్రతాపరుద్రుణ్ణి పట్టి ఢిల్లీకి పంపితే ఆయన దారిలోనే కన్నుమూశాడు. గుడి నేలకూలింది. ఊరి పేరు సుల్తాన్‌పూర్‌గా మారింది. తోరణాలు మాత్రం ఎందుకు మిగిలాయి? వాటి మీద దేవుళ్ళ బొమ్మలు లేవు, పూలూ పక్షులే ఉన్నాయి కాబట్టి వదిలేశారని ఒక మాట. గుడి స్థానంలో తాము కట్టుకున్న మసీదుకు అవి ఘనమైన వాకిళ్ళుగా పనికొస్తాయని ఉంచుకున్నారని కొందరు పరిశోధకుల మాట. ఏదైనా, కూల్చినవాడి కంటికి కూడా ఆ తోరణం అందంగా కనిపించిందన్న ఆలోచన నన్ను ఇబ్బంది పెట్టింది. అందం తెలిసిన కన్ను ఆ పక్కనే ఉన్నదాన్ని ఎలా కూల్చమంది? పడమర వైపు కొద్ది దూరంలో ఖుష్ మహల్ ఉంది. ఏటవాలు గోడలు, లోపల వరుస కమానులు, ఆడంబరం లేని గంభీరమైన కట్టడం. దాన్ని షితాబ్ ఖాన్ కట్టించాడని జనం అంటారు, తుగ్లకుల కాలం పనితనం అని పండితులంటారు. ఆ షితాబ్ ఖానే, సీతాపతి అన్న పేరున్న తెలుగువాడే, 1504లో ఓరుగల్లును గెలిచి, చెదిరిపోయిన దేవుణ్ణి మళ్ళీ ప్రతిష్ఠించినట్టు ఈ కోటలోనే శాసనం వేయించాడు. పేరును బట్టి మనిషిని లెక్కకట్టేవాళ్ళకు ఈ నేల తేలిగ్గా దొరకదు. కూలిన రోజు ఇక్కడ ఏడ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ దుఃఖం నిజం. దాన్ని చిన్నది చేయను. కానీ ఆ దుఃఖాన్ని ఇవాళ పక్కింటివాడి మీద బాకీగా రాసుకుంటే, వాళ్ళకు మనం చేసే గౌరవం ఏమీ ఉండదు. జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి, మిగిలింది మిగిలినట్టు కాపాడుకోవాలి. ఈ రెండూ ఒకేసారి చేయడానికి మనసు పెద్దది కావాలి. నా మనసు అంత పెద్దదేనా అని ఆ రాళ్ళ మధ్య నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఓ వేపచెట్టు నీడన కూర్చుంటే ‘క్రీడాభిరామం’ పుస్తకం గుర్తొచ్చింది. అదీ ఒక రోజు ప్రయాణమే. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా తిరుగుతారు. వీధులు, వేడుకలు, పూటకూళ్ళ ఇంట భోజనం, పల్నాటి వీరుల కథ పాడేవాళ్ళు, కోడిపందేలు, పొట్టేళ్ళ పందేలు, ప్రతాపరుద్రుని కొలువులోని మాచల్దేవి చిత్రశాల. ఎంత సందడి! ఎన్ని వాసనలు! ప్రతాపరుద్రుని కాలపువాడైన రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన ‘ప్రేమాభిరామం’ దానికి మూలమనీ, వినుకొండ వల్లభరాయుడు తెలుగు చేసేనాటికి కాకతీయ రాజ్యం పోయిందనీ సాహిత్య చరిత్ర చెబుతుంది. అంటే తెలుగు పాఠకుడి చేతికి ఆ ఊరు వచ్చేసరికే ఆ ఊరు అలా లేదు. కూలిన నగరాన్ని ఓ కవి మళ్ళీ వీధి వీధినా జనంతో నింపాడు. ఆ పుస్తకంలో ఉన్నదేదీ ఈ రాళ్ళలో లేదు. అరుపులు లేవు, భోజనం లేదు, పందేలు లేవు. ఈ రాళ్ళలో ఉన్నది ఆ పుస్తకంలోనూ దొరకదు. స్తంభం ఎంత నునుపో, హంస మెడ ఏ వంపు తిరిగిందో చేత్తో తెలుసుకోవాలి. రెండూ ఉంటేనే నాకు ఓరుగల్లు. తెలుగు చదువుకునే పిల్లలకు ఆ పుస్తకం పేరు పరీక్షలో ఒక్క మార్కు జవాబుగా మిగిలింది. దాన్ని ఇక్కడ, ఈ చెట్టు కింద, ఒక పూట చదివించే పంతులమ్మ ఉంటే ఎంత బాగుంటుంది!

ఇంత మంచి శిల్పాలను ఎండకూ వానకూ వదిలేయడం ఏమిటి, లోపల పెట్టొచ్చు కదా అన్న సందేహం నాకూ వచ్చింది. అమరావతి సంగతి తెలిసినవాళ్ళెవరికైనా వస్తుంది. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ అక్కడికి వెళ్ళేసరికి స్తూపం దిబ్బను రాళ్ళ కోసం తవ్వుతున్నారు. బుద్ధుని కథలు చెక్కిన పలకలు ఎన్నో సున్నపు బట్టీల పాలయ్యాయి. మిగిలినవాటిలో కొన్ని చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పల్నాటి సున్నపురాయి మెత్తనిది. లోపలికి వెళ్ళింది కాబట్టే దాని మీది సన్నని గీత ఇవాళ్టికీ బతికుంది. కాదనలేను. కానీ అమరావతిలో నిలబడినవాడు అమరావతిని పూర్తిగా చూడాలంటే సముద్రం దాటాలి. నాగార్జునకొండది మరో కథ. సాగర్ ఆనకట్ట నీళ్ళలో లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిని ఎత్తైన కొండ మీదికి, అనుపుకి చేర్చారు. ఆ కొండ ఇప్పుడు దీవి. నీళ్ళు కావాలి, శిల్పాలూ కావాలి అన్న చోట అంతకన్నా మంచి దారి ఎవరికీ తోచలేదు. ఒక్కో రాతికి ఒక్కో న్యాయం. ఓరుగల్లు నల్లరాయి ఏడు వందల ఏళ్ళు మట్టిలోనూ ఆరుబయటా ఉంది. ఇప్పటికీ హంస కన్ను చెరగలేదు. దీన్ని తీసుకెళ్ళి దీపాల కింద, పీఠం మీద నిలబెడితే అది శిల్పం అవుతుంది. ఇక్కడ ఉంటేనే అది గుడి. తన పునాది పక్కన, తన తోరణాల నడుమ, తాను ఎక్కడి నుంచి పడిందో ఆ ఆకాశం కింద ఉంది. విరిగినా తన ఊళ్ళో ఉంది.

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో చెరువు కట్ట కింద ఓ నంది ఉండేది. సగం మట్టిలో దిగి, కొమ్ము విరిగి, మూతి అరిగిపోయి. భిన్నమైన విగ్రహానికి పూజ చేయకూడదని శాస్త్రం. అమ్మమ్మకు ఆ సంగతి తెలుసు. అయినా కట్ట మీంచి నడిచిన ప్రతిసారీ దిగి వెళ్ళి, దాని నుదుట కాస్త పసుపు పెట్టి వచ్చేది. ఎందుకని అడిగితే, “చెరువును అదే చూసుకుంటుంది” అనేది. కాకతీయుల కాలం నుంచీ చెరువులు, గుళ్ళు కలిసే పుట్టిన నేల ఇది. పాలంపేటలో గుడి పక్కనే రామప్ప చెరువుంది. తూము రాయి చెక్కిన చేతులూ, స్తంభం చెక్కిన చేతులూ ఒక్క నేల మీద పనిచేశాయి. తెలంగాణలో పొలం గట్టున వీరగల్లు లేని ఊరు, చింతచెట్టు కింద అరిగిన దేవత లేని ఊరు తక్కువ. కంచె లేని, పేరు లేని శిల్పవనాలు అవన్నీ. పసుపు రాసినా, సున్నం కొట్టినా, మేకను కట్టేసినా ఊరివాళ్ళు వాటిని వదిలేయలేదు. అమ్మమ్మ శిల్పాన్ని చూడలేదు, నందిని చూసింది. నేను ఓరుగల్లులో శిల్పాన్ని చూస్తున్నాను. మరి దైవాన్ని చూస్తున్నానా? మా ఇద్దరిలో ఎక్కువ చూసింది ఎవరు? శిల్పమంటే ఏమిటో నాకు నేర్పిన పుస్తకాలు ఆ నుదుటి పసుపు గురించి ఏమీ చెప్పలేదు. అయినా ఆ రోజు రాళ్ళ మధ్య నా చెయ్యి తనంతట తానే ఓ విరిగిన నంది మూపురం మీద ఆగింది. చూడడానికి కాదు, ఊరికే అలా ఉంచాలనిపించింది.

మధ్యాహ్నం ఎండ నెత్తికెక్కితే చెక్కడాలన్నీ చదునుగా కనిపించాయి. నీడ లేకపోతే రాతిలో లోతు ఉండదు. మూడు దాటి పొద్దు వాలాక ఒక్కో గీతా మళ్ళీ లేచింది. పొద్దున తూర్పు వెలుగులో మామూలుగా కనిపించిన ద్వారబంధం, ఇప్పుడు పడమటి వెలుగులో తీగ తీగకూ విడివడింది. అందుకే ఇక్కడికి గంటసేపటి కోసం రాకూడదు. కానీ చాలామంది అంతే సేపు ఉంటున్నారు. తోరణం కింద నిలబడి ఫొటో, ఏనుగు మీద చెయ్యేసి ఫొటో, పడి ఉన్న స్తంభం మీద కాలు పెట్టి ఇంకో ఫొటో. ఒక దూలం మీద ఎవరో ప్రేమికుల పేర్లు మేకుతో గీకి ఉన్నాయి. ఆ రెండు పేర్లు చూసి మనసు చివుక్కుమంది. పూలు చెక్కినవాడు తన పేరు చెక్కుకోలేదు. ఏమీ చెక్కనివాళ్ళు తమ పేరు చెక్కారు. అయినా వాళ్ళను తిట్టాలనిపించలేదు. పడిపోయిన రాయి పవిత్రమని ఎవరైనా వాళ్ళకు చెప్పారా? నిలబడ్డ గుడిలో చెప్పులు విడవమని చిన్నప్పటి నుంచీ నేర్పాం. పడిన గుడిలో ఎలా నడవాలో ఎవరికీ నేర్పలేదు. బోర్డు రాసి పెట్టినంత మాత్రాన ఇది వచ్చేది కాదు. ఇంట్లో నేర్పాలి, బళ్ళో నేర్పాలి, పక్కన నిలబడి వేలు పెట్టి చూపించి నేర్పాలి.

అంచేత ఇది చదివే తల్లిదండ్రులకు, పంతుళ్ళకు, పంతులమ్మలకు ఒక్క మనవి. పిల్లల్ని ఓరుగల్లు కోటకు తీసుకెళ్ళండి. తోరణం దగ్గర ఫొటో దిగండి, తప్పులేదు. ఆ తర్వాత ఫోను సంచిలో పెట్టి, పిల్లల్ని రాళ్ళ మధ్యకు వదలండి. ఒక్కొక్కరిని ఒక్కో రాయి ఎంచుకోమనండి. దాని ముందు వైపు చూశాక వెనక వైపుకు తిప్పి తీసుకెళ్ళి ఉలి గీతలు చూపించండి. ఇది గుడిలో ఏ చోటిదై ఉంటుందో వాళ్ళనే ఊహించనివ్వండి, కాగితం మీద గీయనివ్వండి. ఎవరు కూల్చారని అడిగితే నిజం చెప్పండి. ఎవరు కట్టారని అడిగితే రాజు పేరుతో ఆపేయకుండా, రాయి కొట్టిన కూలీ దాకా, ఉలి సాగదీసిన కమ్మరి దాకా చెప్పండి. రాళ్ళ మీద కాలు పెట్టొద్దని, పేర్లు గీకొద్దని ముందే చెప్పి తీసుకెళ్ళండి. అధికారంలో ఉన్నవాళ్ళకూ ఒక మాట. ఈ గుడిని కొత్త రాళ్ళతో లేపాలని ఎవరు అడిగినా ఒప్పుకోకండి. ఈ రాళ్ళను అందం కోసమని మరో ఊరికి తరలించకండి. తమ నేల మీద, తమ తోరణాల నడుమ పడి ఉండే హక్కు వాటికుంది. అక్కడికి నడిచి వెళ్ళి, వంగి చూడవలసిన పని మనది.